లక్క అంచు

గద్వాల,
3 మార్చి 2003

ఉమా,

నీ ఉత్తరం అందింది. ధైర్యంగా ఉండమని నాలుగుసార్లు రాశావు. లెక్కపెట్టాను. ఇప్పుడు నాకు లెక్కపెట్టడం తప్ప వేరే పని లేదు. అఫ్జల్ పోయి నేటికి ఇరవై ఒక్క రోజు. బక్రీదుకు రెండు రోజుల ముందు కర్నూలు నుంచి బండి మీద వస్తుంటే లారీ తగిలింది. అంతకుమించి రాయలేను, అడగకు.

మా పద్ధతిలో భర్త పోయినామె నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. ఇద్దత్ అంటారు. నాకు జూన్ పందొమ్మిదిన తీరుతుంది. పద్ధతి మీద నాకు కోపం లేదు. మొదట్లో ఎవరికీ ముఖం చూపించకుండా ఉండడమే నయం అనిపించింది. ఇప్పుడు మాత్రం ఊపిరాడడం లేదు. రెండు గదులు, మధ్యలో లోపలి వాకిలి, చుట్టూ నిలువెత్తు గోడలు. వాకిట్లో ఎండ పదకొండింటికి పడి పన్నెండున్నరకల్లా గోడెక్కి పోతుంది. మిద్దె మీదికి పోతానంటే మా అత్త తాజ్‌బీ ఒప్పుకోదు. "మిద్దె గుడ బయటనే బిడ్డా. నాలుగిండ్లకు కనవడతవ్" అంటుంది.

అసలు సంగతి చెబుతాను. మా బావగారు మహమూద్ భాయి మొన్న వచ్చి, పరదాకు అవతలే కూర్చుని అన్నాడు: "రేడియో దుకాణం మా అల్లునికిస్త. నువ్వు అమ్మతాన ఉండు. తిండికి, బట్టకు నేను జూస్త, పరేషాన్ గాకు." మంచిగానే అన్నాడు. ఆ మంచితనానికే నాకు భయమేసింది. అంటే జూన్ పందొమ్మిది తరవాత కూడా నేను ఇక్కడే, ఈ గోడల మధ్యే.

నీకొక్కదానికే తెలిసిన రహస్యం ఒకటుంది కదా. అఫ్జల్ వేళ్ళు లావు. సన్నటి టంకం పనులన్నీ టిఫిన్ సంచిలో ఇంటికి తెచ్చేవాడు, నేను చేసిచ్చేదాన్ని. ఊరంతా ఆయన చేతిని మెచ్చుకునేది. పోయేముందు ఆయన హైదరాబాదు నుంచి సోలార్ పలకలకు వాడే నీలం బిళ్ళలు ఒక కట్ట తెచ్చాడు. ఫ్యాక్టరీలో ఏదో వంక పెట్టి పక్కన పడేసినవి. అప్పడం కన్నా పల్చన, గట్టిగా పట్టుకుంటే విరుగుతాయి. ఇటిక్యాల దగ్గరి ఒక ఊళ్ళో మహిళా సంఘం గదికి నాలుగు సోలార్ పలకలు చేసిస్తానని, సంఘం పెద్ద ఈరమ్మకు ఆయన మాటిచ్చాడు. సాయంత్రం కరెంటు ఉండదు, పొలాల నుంచి వచ్చిన ఆడవాళ్ళు చీకట్లో కూర్చుంటున్నారని.

ఆ నాలుగూ నేను చేస్తానన్నాను. పరదా వెనక మహమూద్ భాయి నవ్వాడు. ఆ తరవాత, "సరే. అవి ఈరమ్మ ఊర్ల వెలిగితే దుకాణం నీదే. లేకుంటె ఇగ ఆ ముచ్చట ఎత్తొద్దు" అన్నాడు.

ముందు ఒకటి చేసి నీకు పంపుతాను. మీ మిద్దె మీద పెట్టి, ఎట్లా ఉందో రాయి. నాకు ఎండ గంటన్నరే. నీకు పొద్దంతా ఉంది. మెచ్చుకుంటూ రాయకు, జరిగింది జరిగినట్టు రాయి.

జబీన్


తెలకపల్లి,
13 మార్చి

జబీనూ,

చేసి పంపు తల్లీ, నెత్తిన పెట్టుకుంటాను. మా ఇంట్లో కూడా చీకటి బాధే. పొద్దుగూకే వేళకు కరెంటు పోతుంది, సరిగ్గా అప్పుడే నాకు కుట్టుమిషను దగ్గర కూర్చోవడానికి తీరిక దొరుకుతుంది. లాంతరు పెట్టుకుంటే మా అత్త బాలనాగమ్మ మొదలుపెడుతుంది: "గ్యాసునూనె గాలవెట్టి జాకెట్లు గుడుతదట! పెండ్లి గావల్సిన పిల్లవా, నీకెందుకే ఈ సోకు?" నా కుట్టు ఆగిపోతే ఆమెకు పండగ. నువ్వు గోడల మధ్య ఉన్నావు, నేను మాటల మధ్య ఉన్నాను, అంతే తేడా.

వనపర్తి స్కూల్లో ప్రభుదాసు సారు ల్యాబు గుర్తుందా? నువ్వు ఏదో ఒకటి కాల్చి తిట్లు తినేదానివి. నేను ప్రయోగం చేయకుండానే రికార్డులో అంకెలు నింపేదాన్ని. ఒకరోజు సారు నా రికార్డు ఎత్తి చూపించి, "ఉమారాణీ, ఇంత చక్కని అంకెలు దేవుడు గుడ ఇయ్యడమ్మా" అన్నాడు. క్లాసంతా నవ్వింది, నువ్వు అందరికన్నా గట్టిగా నవ్వావు. అది నేనింకా మర్చిపోలేదు.

మా ఆయన శ్రవణ్ కుమార్ పల్లీలు వేసుకుని నెలాఖరుకు గద్వాల మార్కెట్ యార్డుకు వస్తున్నాడు. ఆయన చేతికివ్వు. సరిగ్గా తింటున్నావా? రాయి.

నీ ఉమ


గద్వాల,
30 మార్చి

ఉమా,

పలకను బ్యాటరీ, ట్యూబుతో సహా శ్రవణ్ అన్న చేతికి ఇప్పించాను. బిడ్డను అత్తారింటికి పంపినట్టుంది, నవ్వకు.

ముప్పై ఆరు బిళ్ళలు, తొమ్మిదేసి చొప్పున నాలుగు వరుసలు. ఒక బిళ్ళ ముందు వైపు నుంచి తీగ తీసి పక్కదాని వెనక అంటించాలి, గొలుసు కట్టినట్టు. ఏడు విరగ్గొట్టాను. కరెంటు పోయినప్పుడు టంకం కడ్డీని బొగ్గుల మీద కాల్చుకున్నాను. మా అత్త మొదటి రెండు రోజులు ముఖం తిప్పుకుంది. మూడో రోజు వచ్చి, పలక మీద వేసే అద్దాన్ని అటువైపు నుంచి పట్టుకుంది.

వెనక ప్లైవుడ్ చెక్క, పైన అద్దం. రెండింటి మధ్య అంచు మూసెయ్యాలి, లేకపోతే వానకు తడి దిగుతుంది. దేంతో మూయాలి? బజారు నుంచి ఏదైనా తెప్పించమంటే మహమూద్ భాయి మళ్ళీ నవ్వుతాడు. అప్పుడు గుర్తొచ్చింది, నేను లక్క గాజుల ఇంటి పిల్లను కదా. ఆయన పోయిన రోజు నా చేతుల నుంచి తీసిన గాజులు, అమ్మ నా పెళ్ళికి తన చేత్తో చేసినవి, మా అత్త గుడ్డలో కట్టి పెట్టెలో పెట్టింది. అడిగి తీసుకున్నాను. బొగ్గుల మీద కరిగించి, అమ్మ పీట మీద సాగదీసినట్టే సాగదీసి, అద్దం చుట్టూ ఒత్తాను. అద్దాలు, పూసలు ఏరేశాను. ఒకటి రెండు తళుకులు ఉండిపోయాయి, మూలల్లో మెరుస్తాయి, చూడు.

వాకిట్లో పెట్టాను. పదకొండున్నరకు మీటరు ముల్లు పద్దెనిమిది వోల్టుల దగ్గర నిలబడింది. పాత బ్యాటరీకి తగిలించి చిన్న ట్యూబు వేస్తే వెలిగింది. అత్తా నేనూ ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం. ఆ గాజులు ఊరికే పోలేదు ఉమా.

రోజూ మధ్యాహ్నం ఒకసారి చూసి రాయి.

జబీన్


తెలకపల్లి,
11 ఏప్రిల్

జబీనూ,

పలక దివ్యంగా ఉంది! మిద్దె మీద మా ఆయన ఇటుకలు పేర్చి వాలుగా పెట్టాడు. సాయంత్రం ట్యూబు తెల్లగా వెలుగుతుంటే వాడంతా వచ్చి చూసి పోయింది. పక్కింటి వెంకటమ్మ, "గద్వాల ఆడివిల్ల జేసిందా?" అని మూడుసార్లు అడిగింది. మా అత్త నోరు మూసుకుంది. నువ్వేమీ దిగులు పెట్టుకోకు, మిగతా నాలుగూ ఇట్లాగే చేసేయ్.

ఇక్కడ ఎండలు ముదిరాయి. నీళ్ళకు ఇబ్బందిగా ఉంది. ఆరోగ్యం చూసుకో.

ఉమ


గద్వాల,
24 ఏప్రిల్

ఉమా,

నీ ఉత్తరం మా అత్తకు రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి వెంకటమ్మ మాట దగ్గర ఆమె నవ్వింది. ఆ రోజు నేను రెండు నెలల తరవాత కడుపునిండా అన్నం తిన్నాను. నిజంగా చెబుతున్నాను. ఈ ఇంట్లోకి బయటి నుంచి ఏదైనా వస్తున్నదంటే నీ ఉత్తరమే.

అమ్మ వనపర్తి నుంచి రెండు సేర్ల లక్క పంపింది. రెండు పలకలయ్యాయి. వాకిట్లో పని చేసే చోటు కూడా చాలడం లేదు. నిన్న నిలబడి గోడ వైపు చూస్తూ ఉండిపోయాను. అవతల సైకిలు గంట వినిపిస్తుంది, పల్లీల బండివాడి అరుపు వినిపిస్తుంది. అఫ్జల్ దుకాణం ఇక్కడికి నూరు అడుగులు. దాని షట్టరు ఎవరో ఎత్తిన చప్పుడైంది. మహమూద్ భాయి అల్లుడు చోటు కొలుచుకోవడానికి వచ్చాడట. ఇంకా రెండు నెలలుంది కదా, అప్పుడే ఏమి కొలుస్తాడు? కోపంతో ఆ పూట ఇంకో బిళ్ళ విరగ్గొట్టాను.

నువ్వు వివరాలు రాయలేదు. ట్యూబు ఎన్ని గంటలు వెలుగుతున్నది? మధ్యాహ్నం అద్దం ఎంత కాలుతున్నది? అంచు గట్టిగా ఉందా? చెయ్యి పెట్టి చూసి రాయి.

జబీన్


తెలకపల్లి,
8 మే

జబీన్,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. పెళ్ళిళ్ళ రోజులు. పొద్దంతా మిషను మీదే ఉంటున్నాను, చీకటి పడేసరికి ఒళ్ళు హూనమై పడుకుంటున్నాను. ట్యూబు రెండు గంటలు, ఒక్కోసారి మూడు. అంచు బాగానే ఉంది.

అమ్మను అడిగానని చెప్పు.

ఉమ


గద్వాల,
21 మే

ఉమా,

నాలుగు పలకలూ అయ్యాయి. జూన్ ఒకటి, ఆదివారం, మహమూద్ భాయి జీపులో ఈరమ్మ ఊరికి తీసుకుపోతున్నాడు.

కానీ నీ ఉత్తరం నాకు నచ్చలేదు. సాయంత్రాలు కుట్టుకోవడానికే కదా నీకు దీపం? మరి పొద్దంతా కుట్టి చీకటి పడగానే ఎందుకు పడుకుంటున్నావు? అంచు బాగానే ఉందన్నావు. నువ్వు "బాగానే" అంటే నాకు ప్రభుదాసు సారు గుర్తొస్తాడు.

ఆదివారం లోపల నిజం రాయి.

జబీన్


తెలకపల్లి,
26 మే

జబీన్,

కొట్టాలనిపిస్తే కొట్టు. ఇది చదివేదాకా మాత్రం ఆ పలకలు పంపకు.

ఎనిమిది రోజులు బాగానే వెలిగింది. వాడంతా వచ్చి చూసింది నిజమే, వెంకటమ్మ అడిగింది నిజమే. తొమ్మిదో రోజు మధ్యాహ్నం బట్టలు తీయడానికి మిద్దెక్కాను. లక్క మెత్తబడి అద్దం మీదుగా కారుతోంది. అద్దం కిందికి జారింది, దాంతోపాటు రెండు వరుసల బిళ్ళలు కూడా జారి ఒకదాని మీదికొకటి ఎక్కాయి. ఎత్తబోతే పటపటా విరిగాయి. కారిన లక్కలో నీ గాజుల తళుకు ఒకటి కనిపించింది.

ఆ సాయంత్రమే నీకు రాయడానికి కూర్చున్నాను. ఏమని రాయను? నీ పెళ్ళి గాజులు కారిపోయాయని రాయనా? రెండు కాగితాలు చించేశాను. మూడో దాంట్లో ఆ ఎనిమిది రోజుల సంగతే రాశాను. తరవాత నువ్వు అన్నం తిన్నానని రాశావు. అది చదివాక నిజం అసలే రాయలేకపోయాను.

ఇంకొకటుంది, అది కూడా దాచను. మా ఆయన చూసి, "నీ దోస్తు పనితనం గిట్ల కారిపాయె" అని నవ్వాడు. మా అత్త లాంతరు కూడా దాచేసింది. వాళ్ళిద్దరి ముందూ తల దించుకున్నాక, నీ దగ్గరన్నా నా మాట పైన ఉండాలనుకున్నాను. పలక గింజల గాబు వెనక దాచాను. సాయంత్రాలు ఖాళీ చేతులతో కూర్చుంటున్నాను.

ఈ ఉత్తరం నీకు టైముకు అందాలి.

ఉమారాణి


గద్వాల,
3 జూన్

ఉమారాణి,

శుక్రవారం సాయంత్రం అందింది.

నేను నాలుగు గోడల మధ్య కూర్చుని ఉన్నాను. నా కళ్ళు తీసి నీ మిద్దె మీద పెట్టాను. నువ్వు వాటికి గంతలు కట్టి, అంతా బాగానే కనిపిస్తోందని రాశావు. జాలిపడ్డావా? ఈ ఇంట్లో జాలికి కరువు లేదు. మహమూద్ భాయి దగ్గర బస్తాల కొద్దీ ఉంది. నీ దగ్గర నేను అడిగింది అది కాదు.

అంతకన్నా నా మీద నాకే కోపం. ఎండాకాలం వస్తే అమ్మ గాజుల బుట్ట మీద తడిగుడ్డ కప్పేది. ఎండలో పెడితే గాజులు ఒకదానికొకటి అంటుకుపోతాయని చిన్నప్పటి నుంచి చూసినదాన్నే. ఎట్లా మర్చిపోయాను? మూడున్నర నెలలుగా ఎండ అంటే నాకు గంటన్నర, ఉమా. బయట ఎండాకాలం వచ్చిందనే నాకు తెలియలేదు.

శనివారం పొద్దున ఒక పలక తీసి మిద్దె మెట్ల దాకా మోసుకుపోయాను. మొదటి మెట్టు దగ్గర మా అత్త చెయ్యి పట్టుకుంది. పలక నా చేతిలోంచి తీసుకుని, "నేను ముసల్దాన్ని, నన్నెవడు జూస్తడు?" అని తనే ఎక్కింది. గొడుగు వేసుకుని ఆ పలక పక్కన కూర్చుంది. నేను కింద మెట్ల దగ్గర నిలబడ్డాను. ఆమె గంటగంటకూ అంచు మీద వేలు పెట్టి చూసి అరిచేది.

పదకొండింటికి, "గట్టిగుంది."

పన్నెండింటికి, "గట్టిగనే."

ఒంటిగంటకు, "ఏలు అంటుకుంటుందే."

రెండింటికి నేనే పిలిచాను. అప్పుడు మెల్లగా, "జబీన్, గోరు దిగవడ్డది బిడ్డా" అంది.

సాయంత్రం మహమూద్ భాయి వచ్చి పరదా అవతల కూర్చున్నాడు. నోరు మూసుకుని పలకలు పంపించొచ్చు. వారం రోజులు వెలుగుతాయి, దుకాణం చేతికొస్తుంది, తరవాత చూసుకోవచ్చు. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. ఈరమ్మ చీకట్లో కూర్చుని అఫ్జల్‌ను తిట్టుకోవడం కళ్ళ ముందు కనిపించింది. చెప్పేశాను.

ఆయన విని, "అయితే ఇగ అయిపాయె. ఈరమ్మకు నేను జెప్పుకుంట. దుకాణం ముచ్చట ఇగ లేదు" అని లేచిపోయాడు. ఆయన మాట మీద ఆయన నిలబడ్డాడు, తప్పు పట్టలేను.

అయినా అఫ్జల్ మాట ఉంది కదా. మా అత్త ఆదివారం అద్దాల దుకాణానికి పోయి, చేపల తొట్టెల అతుకులకు పెట్టే తెల్లటి జిగురు తెచ్చింది. దుకాణంలో ఏమని అడిగావంటే, "ఎండకు గారనిది ఇయ్యిమన్న" అంది. లక్కంతా గీకేశాను. వేళ్ళు బొబ్బలెక్కాయి.

నీకు ఇంక రాయాలని లేదు.

జబీన్


గద్వాల,
22 జూన్

ఉమా,

రాయాలని లేదన్నాను. కానీ రాయడానికి నువ్వు తప్ప ఎవరున్నారు?

గురువారంతో ఇద్దత్ తీరింది. వాకిలి దాటి ముందు అమ్మగారింటికి పోవడం ఆనవాయితీ. నేను మిద్దె మీదికి పోయాను. నాలుగు పలకలూ అక్కడే ఉన్నాయి. తెల్ల జిగురు పెట్టినప్పటి నుంచి రోజూ మా అత్త వాటి పక్కన కాపలా కూర్చుంది. రెండింటికి నా చేత్తో నేనే అంచు నొక్కి చూశాను. గట్టిగా ఉంది. కళ్ళు మండాయి, తల తిరిగింది. అయినా మూడింటిదాకా దిగలేదు. నాలుగిళ్ళవాళ్ళూ చూశారు. చూడనీ.

తమ్ముడిచ్చిన మాట పోకూడదని నిన్న మహమూద్ భాయి జీపులో నన్నూ మా అత్తనూ ఈరమ్మ ఊరికి తీసుకుపోయాడు. పలకలు కప్పు మీదికి ఎక్కించాం. పొద్దుగూకాక సంఘం గదిలో ట్యూబులు వెలిగాయి. ఈరమ్మ దీపం వైపు కాదు, నా చేతుల వైపు చూసింది. బొబ్బలు, కాలిన మచ్చలు, గాజుల్లేని మణికట్లు. "నువ్వేనా జేసింది?" అంది. అఫ్జల్‌తో ఉన్న పదకొండేళ్ళలో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. "నేనే" అన్నాను.

"ఖరాబైతే యాడికి రావాలె?" అని అడిగింది. మహమూద్ భాయి అందుకున్నాడు: "పాత బస్టాండు కాడ మా అల్లుని దుకాణముంది..." మా అత్త ఆయన మాట పూర్తి కానివ్వలేదు. "ఆ దుకాణం మీది, తీస్కోండ్రి. మిద్దె నా పేరు మీద ఉంది. ఖరాబైతే మా మిద్దెకు రా ఈరమ్మా."

తిరిగొస్తూ దుకాణం ముందు నుంచే వచ్చాం. షట్టరు మీద అఫ్జల్ పేరు చెరిపి కొత్త పేరు రాస్తున్నారు. జీపులో ఏడ్చాను, దాచుకోలేదు. గడప దాటనిచ్చారు ఉమా, కానీ పోవడానికి ఉన్న ఒక్క చోటూ తీసేసుకున్నారు. మళ్ళీ అదే ఇల్లు, అవే గోడలు. పైన ఒక మిద్దె మాత్రం మిగిలింది. దాని మీద పనిచేస్తాను. ఎన్నాళ్ళు సాగుతుందో తెలియదు. భయంగా ఉంది.

గాబు వెనక దాచిన పలకను శ్రవణ్ అన్నతో పంపు. పగలని బిళ్ళలు ఏరి, మిగతావి నా దగ్గరివి కలిపి, వారంలో తిరిగి పంపుతాను. నిన్ను క్షమించానని అనుకోకు. రోజూ మధ్యాహ్నం రెండింటికి మిద్దెక్కి అంచు నొక్కి, కార్డు ముక్క మీద రాసి పోస్టు డబ్బాలో వెయ్యి. నన్ను ఓదార్చే మాట ఒక్కటి కనిపించినా ఆ కార్డు చించేస్తాను.

జబీన్


తెలకపల్లి,
9 జూలై

జబీన్,

మధ్యాహ్నం రెండు. మబ్బు లేదు. అంచు గట్టిగా ఉంది, గోరు దిగలేదు. కింద ఎడమ మూల అద్దం లోపల చెమ్మ, చింతగింజంత. నిన్న లేదు. సాయంత్రం ట్యూబు గంటా పది నిమిషాలు వెలిగి మసకబారింది. ఒక జాకెట్టు అయింది, రెండోదానికి చేతులు మిగిలాయి.

ఆ చెమ్మ సంగతి రాయకు, పాపం బాధపడుతుంది అని, ఎప్పుడూ సాధించే మా అత్త కూడా అంది. రాశాను.

ఉమ